సార్‌ను పిలవడానికి ముందు

గల్ఫ్ నుంచి సెలవు మీద ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. శుక్రవారం వెళ్లి సిస్టరమ్మను కలుద్దామనుకున్నాను. గురువారం పొద్దునే ఫోన్ వచ్చింది, మాదన్నపేట సిస్టరమ్మ నిద్రలోనే పోయారని. సర్కారు ఆస్పత్రిలో వార్డు ఇన్‌ఛార్జిగా రిటైరై, పరీక్ష తప్పిన నర్సులకు ఇంట్లోనే చదువు చెప్పిన మనిషి. ఆమె లేకపోతే నాకు లైసెన్స్ లేదు. ఈ మాట ఆమె ముందు ఒక్కసారీ సరిగ్గా చెప్పలేదు. అదే నా బాధ.

గల్ఫ్‌లో నర్సుగా చేరాలంటే అక్కడి లైసెన్స్ పరీక్ష పాసవ్వాలి. నేను రెండుసార్లు తప్పాను. మూడోదీ పోతే ఆ దారి మూసుకుపోయినట్టే.

అప్పుడే ఆమె దగ్గర చేరాను. మొదటిరోజు నా పుస్తకాలు, ఫోన్లో దాచుకున్న పాత ప్రశ్నలు చూశారు.

"బట్టీ కొట్టినవా? గవన్నీ గా మూలకు వెట్టు" అని తనే మంచం మీద పడుకున్నారు. "నేను పేషెంట్‌ను. ఊపిరాడ్తలేదు. ముందు ఏం జేస్తవ్?"

"డాక్టర్ సార్‌కు చెప్తా మేడం."

పరీక్షలోనూ అలాంటి ప్రతి ప్రశ్నకూ అదే జవాబు పెట్టి వచ్చాను. చాంద్రాయణగుట్ట దగ్గర ఒక చిన్న నర్సింగ్ హోంలో మూడేళ్లు చేసినదాన్ని. అక్కడ సార్‌ను అడగకుండా దిండు జరిపినా లొల్లే.

"సార్ ట్రాఫిక్ల ఇరుక్కుండు. గాయన వచ్చేదాంక నేను ఊపిరి బిగవట్టుకొని పండాల్నా?"

కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంగ్లీషు రాకే ఫెయిలయ్యానని ఇంట్లో అనేవారు, నేనూ నమ్మాను.

"ఇంగ్లీషు గాదు బిడ్డా, నీకు భయం. ముందు లేపి కూసోవెట్టు. గప్పుడు ఫోన్ చెయ్."

లేపి కూర్చోబెట్టాను. భారీ మనిషి, నా నడుం పట్టేసింది. "మస్తు జేసినవ్. మళ్లొక్కపారి," అన్నారు, జాలి లేకుండా.

ఆరు వారాలు అదే పని. ఒకరోజు ఆమెకు ఫిట్స్, ఒకరోజు కాలు విరగడం. చాయ్ తాగేటప్పుడు మాత్రం ఏ రోగమూ ఉండేది కాదు. మూడోసారి పాసయ్యాను. మిఠాయి డబ్బా పట్టుకెళితే, "షుగరున్నోళ్లకు గిట్ల తెస్తరా? ఏం నర్సువే నువ్వు!" అని తిడుతూనే రెండు తిన్నారు.

ఆమెను సాగనంపి సమాధుల తోట నుంచి అందరం ఆ ఇంటికి తిరిగొచ్చేసరికి, గేటు దగ్గర ఒక పిల్ల ఏడుస్తూ నిలబడి ఉంది. సిస్టరమ్మ దగ్గర చదువుకుంటున్న నర్సు. సోమవారం పరీక్ష, దానికీ మూడోసారే.

"సిస్టరమ్మ లేకుంట నాతోని గాదక్కా."

ఓదార్చడం నాకు చేతకాదు. మెట్ల మీద కూర్చోబెట్టుకుని అడిగాను, "రక్తం ఎక్కిస్తున్నవ్. పేషెంట్ గజగజ వణుకుతుండు. ముందు ఏం జేస్తవ్?"

పిల్ల ముక్కు ఎగబీలుస్తూనే కుడిచేయి గాల్లోకి లేపి, అక్కడ లేని గొట్టాన్ని బిగించి రక్తం ఆపేసింది. చెయ్యి అలాగే పైన ఉంచి, ఇక సార్‌ను పిలవనా అన్నట్టు నావైపు చూసింది.