బాలింత గదిలో సముద్రపు చేపలు

1986, ఎండలు అప్పుడే ముదురుతున్న రోజులు. నంద్యాలలో నాకు అద్దాల కొట్టు ఉండేది. ఫోటోలకు ఫ్రేములు కట్టడం, కిటికీలకు అద్దాలు కోయడం నా అసలు పని. చేపల తొట్లు చేయడం సరదాగా మొదలుపెట్టాను, చివరికి అదే నా పేరైపోయింది. చేపల మస్తాన్ అంటే బస్టాండులో ఎవరైనా కొట్టు చూపించేవారు.

మా వైపు ఎవరింట్లో చూసినా మంచినీళ్ల చేపలే. ఉప్పునీళ్ల తొట్టి నేను చేసింది ఒక్కటే, ఆళ్లగడ్డలో లారీల ఓబులేసు ఇంట్లో. ఆయన లారీలు మద్రాసు నుంచి తిరిగొచ్చేటప్పుడు ప్లాస్టిక్ క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చేవి. చేపలు నేనే వెళ్లి ఏరి తెచ్చాను. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ ఫిష్ అవి. ఓబులేసు కూతురు సుశీలకు అవంటే ప్రాణం. కాన్పుకు పుట్టింటికొచ్చి, తొట్టిని పట్టుబట్టి తన గదిలోకి మార్పించుకుంది. అప్పటిదాకా ఏడాది పాటు ఒక్క చేప కూడా చావలేదు. ఆ సంగతి నేను నలుగురికీ చెప్పుకుని తిరిగేవాణ్ని.

సుశీలకు ఆడపిల్ల పుట్టింది. పురుడు గడిచిన కొన్నాళ్లకు ఓబులేసు జీపు నా కొట్టు ముందు ఆగింది. ఆయన చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. మూత తీస్తే లోపల చచ్చిన చేపలు.

"ఏందప్పా మస్తానూ, దినామూ చచ్చిపోతాండాయి. మొన్న నువ్విచ్చినవి గూడా పాయె."

"నీళ్లలో ఏమన్నా కలిపినారా అన్నా?"

"ఎవురూ ముట్టుకోలేదు. మాయమ్మ ఆ తొట్టి పగలగొట్టమంటాంది. పసిబిడ్డ పండుకునే గదిలో దినామూ ఈ సావులేందని ఒకటే పోరు. సుశీలకు కడుపులో తిప్పుతాంది, కూడు పోతాల్యా. బిడ్డ పాలు సరిగ్గా పట్టడంల్యా. అంతా నీ చేపల కంపే అంటాంది మాయమ్మ."

నాకు మండింది. నా చేపలకు కంపేమిటి? ఆ కోపంలోనే సామాను సంచి తీసుకుని అదే జీపు ఎక్కాను. దారిలో ఓబులేసు గుంతలు కూడా చూడకుండా జీపు తోలాడు. ఆ తొందర చూస్తే నా కోపం దిగి, దాని చోట భయం పట్టుకుంది.

ఆళ్లగడ్డలో సుశీల గది గడపలోనే కూర్చుని ఉంది ఓబులేసు తల్లి తిమ్మక్కవ్వ. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. బాలింతకు గాలి తగలకూడదని కిటికీలన్నీ మూయించి, సందుల్లో పాత గుడ్డలు కుక్కించింది. గది నిండా వెల్లుల్లి వాసన. బాలింతకు రోజూ వెల్లుల్లి కారంతోనే అన్నం పెడతారు కాబట్టి ఆ వాసన ఎవరికీ వింతగా తోచదు, నాకూ తోచలేదు. సుశీల గోడకు ఆనుకుని కూర్చుంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పక్కన బిడ్డ కళ్లు మూసుకుని పడుకుంది. పడుకుందనే అనుకున్నాను.

ముందు హైడ్రోమీటర్ నీళ్లలో వదిలాను. నీళ్లలో ఉప్పెంతుందో చెప్పే గాజు గొట్టం అది. ఉప్పు సరిగ్గా ఉంది. వేడి చూశాను, అదీ సరిగ్గానే ఉంది. నీళ్లు తేటగా ఉన్నాయి. మిగిలిన రెండు చేపలు మాత్రం పైకి తేలి నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి. గాలి చాలనప్పుడు చేపలు అలా చేస్తాయి. కానీ తొట్టి అడుగున ఎయిర్ స్టోన్, అంటే గాలిని సన్నటి బుడగలుగా చేసే రాయి, బుడబుడమని ఆగకుండా బుడగలు వదులుతూనే ఉంది. ఇంత గాలి పెట్టుకుని ఊపిరాడకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు.

"దోమలకు మందేమన్నా కొట్టినారా అవ్వా?"

"పసిబిడ్డ ఉండే గదిలో మందు కొట్టేంత తెలివి తక్కువదాన్నా నేను?"

"సబ్బు చేయి పెట్టినారా?"

"ఆ కంపు నీళ్లలో చేయి పెట్టేదెవరు? మాటలు చాలించి తొట్టి ఎత్తుకోని పో నాయనా. నా మనవరాలు నా కండ్ల ముందరే వాడిపోతాంది."

తొట్టి ఖాళీ చేద్దామని నీళ్లు తోడే గొట్టం అందుకున్నాను. అప్పుడు సుశీల మెల్లగా నోరు విప్పింది.

"చిన్నాయనా, కరెంటు పోయినప్పుడు ఇవి ఉషారుగా తిరుగుతాండాయి. కరెంటు వస్తే మళ్లా ఇట్లే రొప్పుతాయి."

చేతిలోని గొట్టం కింద పెట్టేశాను. కరెంటు పోతే ఎయిర్ పంపు ఆగుతుంది, గాలి అందక చేపలు చావాలి. అందుకే కరెంటు కోతలంటే మా వ్యాపారంలో అందరికీ దడ. ఇక్కడ అంతా తలకిందులుగా ఉంది.

"నీకెట్లుంటాది తల్లీ, కరెంటు పోయినప్పుడు?"

"నాకూ ఆ పూటే నయం చిన్నాయనా. నిన్న పగలంతా కరెంటు ల్యా. ఆ పూట బిడ్డ గూడా పాలు తాగింది."

నీళ్లలోంచి ఎయిర్ స్టోన్ బయటికి లాగి, గొట్టంలోంచి వచ్చే గాలిని వాసన చూశాను. వెల్లుల్లి వాసన. కుళ్లిన చేప కంపు కూడా దానితో కలిసి ఉంది. ఒక్కసారి పీల్చి ముఖం పక్కకు తిప్పేసుకున్నాను.

"పంపు యాడుందన్నా? తొట్టి కిందే కదా పెట్టిపోయినా?"

"దాని గుయ్‌మనే మోతకు బిడ్డ లేస్తాందని పక్క గదిలోకి మార్పించినా," అన్నాడు ఓబులేసు. "గొట్టం గోడలో బెజ్జంలోంచి తెచ్చినాం. అప్పటికీ మోత వినిపిస్తాంటే జొన్న మూటల మీద పెట్టి, మూటలకు కప్పిన టార్పాలిన్ దాని మీదికీ లాగినాం."

"జొన్నల్లో ఏమన్నా పెట్టినారా?"

"పురుగు పడకుండా మాత్రలు పెట్టినాం. అందరూ పెట్టేవే గదప్పా."

ఆ మాత్రలు చెమ్మ తగిలితే విషపు గాలి వదులుతాయి. టార్పాలిన్ కప్పేది ఆ గాలి బయటికి పోకుండా ఉండాలనే. ఆ టార్పాలిన్ కింద కూర్చుని నా పంపు ఆ గాలిని పీల్చి, చేపల నీళ్లలోకి తోస్తోంది. బుడగలు పగిలి అదే గాలి గదిలోకి వస్తోంది. ఒక్క సందు కూడా లేకుండా మూసిన గదిలోకి.

పంపు వైరు ఇంకా ఈ గది గోడ మీది స్విచ్‌కే ఉంది, దాన్ని ఆపేశాను. "బిడ్డను బయటికి తీసుకురాండి, తొందరగా!" అని అరిచాను.

తిమ్మక్కవ్వ లేచి గడపకు అడ్డంగా చేతులు చాచింది. "బాలింతను గాలిలోకి తెస్తావా? వాతం కమ్మితే నువ్వు బాగు చేస్తావా?"

మాత్రలని, విషమని అంటే ఆమె వినేట్టు లేదు. గొట్టం కొస ఆమె ముక్కు దగ్గర పెట్టాను. "అవ్వా, నీ చేత్తో దినామూ వెల్లుల్లి నూరుతాండావు కదా. ఒక్కసారి వాసన చూసి చెప్పు. ఇది నీ వెల్లుల్లేనా?"

గొట్టంలో మిగిలిన వాసన చూసింది. మళ్లీ చూసింది. ఆమె ముఖం మారిపోయింది.

"ఇది మన వెల్లుల్లి కాదు నాయనా."

అంతే. నన్ను పక్కకు తోసేసి, తను కుక్కిన గుడ్డలు తనే పీకి, కిటికీలు బార్లా తెరిచింది. బిడ్డను ఎత్తుకుని ఇంటి ముందున్న వేపచెట్టు కిందికి పరుగెత్తింది. ఆ వయసులో ఆమె అలా పరుగెత్తగలదని ఎవరూ అనుకోలేదు. వెనక సుశీలను ఓబులేసు నడిపించుకొచ్చాడు. బిడ్డ చేతులు వేలాడుతున్నాయి. ఏడవడం లేదు. అవ్వ దాని చెంపలు తట్టి, అరికాళ్లు రుద్ది, "ఏడువ్ తల్లీ, ఏడువ్" అని బతిమాలింది. అది కళ్లు సగం తెరిచి మళ్లీ మూసుకుంది.

సుశీలనూ బిడ్డనూ జీపులో వేసుకుని నంద్యాల పెద్దాసుపత్రికి బయలుదేరాం. ఇంటికి ఎవరో ఒకరు కాపలా ఉండాలని అవ్వ ఆగిపోయింది. జొన్నల గది దగ్గరికి పోవద్దని, తలుపులన్నీ తెరిచే ఉంచమని ఆమెకు చెప్పాను. దారి పొడుగునా సుశీల బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చుంది. ఆసుపత్రిలో మాత్రల సంగతి చెప్పగానే డాక్టరు గారు మాట పొడిగించకుండా ఇద్దరినీ లోపలికి తీసుకుపోయారు. కాసేపటికి బయటికి వచ్చి, "తల్లికి ఫర్వాలేదు. బిడ్డ సంగతి ఇప్పుడే చెప్పలేను" అన్నారు. ఓబులేసు వరండాలో నేల మీద కూలబడ్డాడు. ఆయన పక్కనే నేనూ కూర్చున్నాను. అల్లాకు ఎన్నిసార్లు మొక్కుకున్నానో నాకే తెలియదు.

పొద్దుగూకే వేళకు లోపలి నుంచి ఏడుపు వినిపించింది. సన్నటి ఏడుపు కాదు, వార్డంతా వినబడే కోపపు ఏడుపు. ఆకలేసిన ఏడుపు. ఓబులేసు నా భుజం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

మర్నాడు ఆళ్లగడ్డకు వెళ్లాను. చేపలు పోయి ఉంటాయని తెలిసే వెళ్లాను. పంపు ఆపి వచ్చాం, వాటి గురించి పట్టించుకునేవాళ్లు లేరు. ఆ గదిలో తొట్టి ముందు పీట వేసుకుని తిమ్మక్కవ్వ కూర్చుని ఉంది. చెంబుతో నీళ్లు ముంచి, చేయి పైకెత్తి, మళ్లీ తొట్టిలోకే పోస్తోంది. అలా పోస్తే నీళ్లలో గాలి కలుస్తుందని ఆమెకు ఎవరు చెప్పారో, తనకే తోచిందో! రెండు చేపలూ బతికే ఉన్నాయి.

"ఇవి తిరుగుతాండాయి సూడు నాయనా," అంది ఆమె, నా వైపు తిరగకుండానే. "సచ్చినవన్నీ నాకు చెప్పే సచ్చినాయి. నేనే వినల్యా."

ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కొట్టు నడిపాను. చేపలు చచ్చిపోతున్నాయని ఎంతోమంది వచ్చేవారు. నీళ్లు ఎప్పుడు మార్చారు, మేత ఏం వేశారు అని వెంటనే అడగడం ఆ రోజుతో మానేశాను. ముందు ఒక స్టూలు వేసి కూర్చోబెట్టి, "ఇంట్లో మనుషులంతా బాగుండారా?" అని అడిగేవాణ్ని. చేపల కోసం వస్తే ఇదేం పలకరింపని చాలామంది నవ్వేవారు. నవ్వితే నవ్వనీ అనుకుని, వాళ్లు జవాబు చెప్పేదాకా ఆగేవాణ్ని.