పీరు పెట్టిన పేరు

ఆ రోజుల్లో, అంటే మన రాష్ట్రం మనకొచ్చిన కొత్తలో, నాకు ఇరవై రెండేళ్లు. కోపం ముక్కు మీదే కాపురం ఉండేది. ఇప్పుడూ ఉంది, కాకపోతే ఎవరి మీద పడాలో దానికి కాస్త తెలిసొచ్చింది. అప్పట్లో చెప్పు తెగితే చెప్పు మీద, బస్సు తప్పితే బాపు మీద పడేది. చివరికి నా సొంత పేరు మీద పడింది. నా పేరు హుస్సేన్. మాది నకిరేకల్ దగ్గర పల్లె, మేం గొల్లోళ్లం, ఇంట్లో ఇప్పటికీ గొర్లున్నాయి. నాకంటే ముందు పుట్టిన ఇద్దరు నిలవలేదట. (మా అమ్మ వాళ్ల సంగతి రెండు మాటల్లో చెప్పి, మూడో మాటకి లేచి గొర్ల దొడ్డిలోకి పోయేది.) మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు పీర్ల పండుగనాడు సావిట్లో నిలబెట్టిన హుస్సేన్ పీరుకి కొత్తబట్ట కట్టి, "గీ బిడ్డ నిలిస్తే నీ పేరే పెట్టుకుంట" అని మొక్కింది. నేను నిలిచాను. నిలవడమే కాదు, మా అవ్వ అన్నట్టు, అందరి నెత్తికెక్కి కూర్చున్నాను.

మా దిక్కు ఇది వింతేమీ కాదు. ఏ వాడకి పోయినా ఒక హుస్సేనో, సైదులో, హుస్సేనమ్మో ఉంటారు. బడిలో నాతో కలిపి ముగ్గురం హుస్సేన్లం. సారు మమ్మల్ని గొర్ల హుస్సేన్, కుండల హుస్సేన్, బడికి రాని హుస్సేన్ అని పిలిచేవాడు. మల్లన్నకి బోనం చేసేదీ మేమే, పీర్ల ముందు నిప్పుల గుండం చుట్టూ అలాయి ఆడేదీ మేమే. నా పేరు చూసి ఎవరైనా అనుమానపడతారని షాద్‌నగర్ పోయేదాకా నాకు తెలియదు.

అక్కడ ఒక కంపెనీలో ప్యాకింగ్ పని దొరికింది. ఒక దోస్తు గదిలో సర్దుకున్నాను. వాడికి పెళ్లయింది, పెళ్లాన్ని తెచ్చుకుంటానన్నాడు. పది రోజుల్లో గది చూసుకోవాలి, లేదంటే పని వదిలి మళ్లీ గొర్ల వెనక పోవాలి. మొదటి ఇంటాయన నీళ్ల వసతి, బాత్రూమ్ అన్నీ చూపించి, ఆఖరికి పేరడిగాడు. చెప్పాను. "అరే, యాదిమర్సిన తమ్మీ, నిన్ననే వేరేటోళ్లకు ఇచ్చినం" అన్నాడు. గేటుకి కిరాయి బోర్డు వేలాడుతూనే ఉంది. రెండో ఇంటావిడ, "మాంసం తినేటోళ్లకు ఇయ్యం బాబూ" అంది. (వంటింట్లోంచి చేపల పులుసు వాసన వస్తోంది. నాకు కోపంతోపాటు ఆకలి కూడా అయింది.) మూడో ఇంటికి పోయేసరికి నాకు తెలివొచ్చింది. ఆ ఇంటాయన్ని ఆ గల్లీలో అందరూ మిద్దె సారు అంటారు. ఆయన నోరు తెరవకముందే, "నమస్తే సార్, మేం గొల్లోళ్లం, మల్లన్న మా ఇంటి దేవుడు, మొన్ననే బోనం చేసినం, నా పేరు హుస్సేన్" అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆయన నా ఆధార్ కార్డు తీసుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "అందరు గిట్లనే చెప్తరు తమ్మీ" అని మెల్లగా వాపస్ ఇచ్చాడు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. అంత మర్యాదగా పొమ్మంటే ఏం చేయాలో తెలియక నమస్తే కూడా పెట్టి వచ్చాను. ఆ పెట్టిన నమస్తే తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరునాడే సెలవు పెట్టి నల్గొండ పోయాను. కోర్టు బయట చెట్టు కింద మిషన్ పెట్టుకున్న టైపు చేసేటాయన, ఏ పేరు కావాలన్నాడు. హర్షవర్ధన్ అన్నాను. (ఎందుకంటే చెప్పలేను. బస్టాండులో ఒక కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద మొదటి ర్యాంకు పిల్లగాడి పేరు అది, వాడికి ఎవరైనా గది ఇస్తారనిపించింది.) కారణం ఏం రాయాలన్నాడు.

"షాద్‌నగర్ల రూం దొరుకుతలేదని రాయండి."

"గట్ల రాస్తే నడవదు. 'వ్యక్తిగత కారణాల వల్ల' అని రాస్తం, అందరికీ గదే."

పొమ్మన్నది వాళ్లు, కారణం మాత్రం నా వ్యక్తిగతం. ఆ ముక్క దగ్గర పళ్లు కొరికాను గానీ సంతకం పెట్టాను. పేపర్లో ప్రకటన వేయించాలి, నన్నెరిగిన ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టాలి, ఆ తర్వాత కాగితాలు గెజెటుకి పంపాలి అన్నాడు. నా తొందరకి ప్రకటన అదే రోజు ఇచ్చేశాను. సంతకం కోసం రెండు రోజుల తర్వాత ఊరికి పోతే, నాకంటే ముందు పేపరే దిగింది. చాయ్ హోటల్ దగ్గర కుండల హుస్సేన్ దాన్ని నలుగురికి చదివి వినిపిస్తున్నాడు. నన్ను చూసి, "రా హర్షవర్ధన్, చాయ్ తాగుదువు. ముందుగాల ఒక మాట చెప్తే ఏం పోయేదిరా, ముగ్గురం ఒక్కపారే మార్చుకుందుము" అన్నాడు. నవ్వని మొహం అక్కడ నాదొక్కటే.

ఇంట్లో అమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గొర్లకి తుమ్మకాయ పోస్తూ, "ఎవలు పెట్టిండ్రు నీ పేరు?" అంది.

"నువ్వే గదా."

"నేను పెట్టలే బిడ్డా. ఆయన ఇచ్చిండు, నేను తెచ్చుకున్న. అక్కెర లేకుంటే ఆయనకే ఇచ్చి రా. నీ నోటితోని ఎందుకు వద్దో చెప్పు. గప్పుడు మీ బాపు సంతకం పెడ్తడు."

"పండుగ దాకా పీరు పెట్టెలనే ఉంటది గదనే అమ్మా. ఎవలకు చెప్పాలె?"

"పెట్టెల ఉన్నా వినపడ్తది. పో."

బాపు వైపు చూశాను. ఆయన గొర్రె కాలులో ముల్లు తీస్తూ తల ఎత్తలేదు. మా ఇంట్లో అలా తల ఎత్తలేదంటే అమ్మ మాటే ఖాయమని అర్థం.

పీర్ల సావిడి తాళంచెవి పీర్ల తాత దగ్గర ఉంటుంది. ఊళ్లో ఉన్న మూడు ముస్లిం ఇళ్లలో ఆయనది ఒకటి, పీర్లని ఎత్తేదీ దించేదీ ఆయనే. సంగతి చెప్తే నవ్వలేదు. తలుపు తీసి, పెట్టె మీది దుమ్ము తుడిచి, "చెప్పు బిడ్డా" అని పక్కన కూర్చున్నాడు. డిగ్రీ చదివిన నేను ఒక రేకు పెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. మొదట సిగ్గేసింది, తర్వాత కోపం మాటల్ని తోసింది. "నీ పేరు పెట్టుకుంటే నాకు ఉండనీకి జాగా దొరుకుతలేదు. మూడిండ్లు తిరిగిన. ఈ పేరు నాకొద్దు" అని, బోర్డు సంగతి, చేపల పులుసు సంగతి, మిద్దె సారు సంగతి అన్నీ చెప్పాను.

తాత అంతా విన్నాడు. "మావోడు గూడ ఆడనే ఉన్నడు, షాద్‌నగర్ల. రెండేండ్లాయె. లారీ ఆఫీసుల మూటల మీదనే పండుకుంటుండు" అన్నాడు. తర్వాత, "ఆ సారుకు నువ్వేమని చెప్పినవ్?" అని అడిగాడు.

"మేం గొల్లోళ్లమని చెప్పిన తాతా."

"మంచిగనే చెప్పినవ్. మరి మావోడు ఏమని చెప్పాలె?"

ఎత్తిపొడుపు కాదది. చదువుకున్నోణ్ణి కదా, ఏదైనా ఉపాయం తెలుసేమోనని నిజంగానే అడిగాడు. ఆయన నా జవాబుకి ఎదురుచూసి, లేచి, తలుపు దగ్గరికేశాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. మిద్దె సారు ముందు నిలబడి, నేను తాతవాళ్లలో ఒకణ్ణి కానని బతిమాలుకున్నానే గానీ, అయితే ఏంటని ఆ మూడిళ్లలో ఒక్కరినీ అడగలేదు. ఇన్నాళ్లూ దారి తప్పి తిరిగిన నా కోపం ఆ రోజు ఎవరి ఇంటికి పోవాలో తెలుసుకుంది.

టైపు చేయించిన కాగితం అమ్మకిచ్చేశాను. (మందంగా ఉందని ఆమె దాన్ని చాలాకాలం సల్లకుండ మీద మూతేసింది.) షాద్‌నగర్ రాగానే మిద్దె సారుని కడిగేద్దామని, బస్సులో కట్టుకున్న మాటలన్నీ వల్లెవేసుకుంటూ పోయాను. ఆయన ఇంట్లో లేడు. ఆయన భార్య, "ఎండల వచ్చినవ్" అని మంచినీళ్లిచ్చింది. తాగి వచ్చేశాను. తర్వాత తాత కొడుకూ నేనూ కలిసి వెతికాం. ఊరవతల ట్రాక్టర్ మెకానిక్ షెడ్డు పక్కన రేకుల గది దొరికింది. దాని ఓనరు ఇద్దరి పేర్లూ విని, "నీళ్ల కాడ కొట్లాడరు గదా?" అని ఒక్కటే అడిగాడు. నాలుగేళ్లు అక్కడే ఉన్నాం. నీళ్ల దగ్గర రోజూ కొట్లాడుకున్నాం.

ఇప్పుడు అదే షాద్‌నగర్లో చిన్న ఇల్లు కట్టుకున్నాను, పైన ఒక పోర్షన్ కిరాయికుంది. గేటు పక్కన రాయి మీద నా పేరు చెక్కించాను. మొన్న ఒకాయన భార్యతో వచ్చి పోర్షన్ చూశాడు, నచ్చిందన్నాడు. దిగి పోతూ రాయి చదివి ఆగాడు. "హుస్సేన్ అంటే… మీరేనా అన్నా?" అన్నాడు. లోపల్నుంచి మా ఆవిడ "మేం" అని మొదలుపెట్టబోయింది, చేత్తో వద్దన్నాను. "నేనే అన్నా, హుస్సేన్‌ని" అన్నాను. ఆయన రేపు చెప్తానని పోయాడు. వాళ్లు గల్లీ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఇరవై రెండేళ్ల ఆ పిల్లగాడైతే చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికి, "మేం గొల్లోళ్లం సార్" అని వాళ్ల దారికి అడ్డం పడేవాడు. పాపం, వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. లోపలికొచ్చి అన్నం తిన్నాను, కోపంతో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. పోర్షన్ ఇంకా ఖాళీగానే ఉంది. గేటుకి బోర్డు వేలాడుతూనే ఉంది, అయితే ఈ బోర్డు అబద్ధమాడదు.