పైనుంచి రాని కబురు

కార్గిల్ యుద్ధం జరిగిన ఏడాది వానాకాలంలో మా ఆయన సెలవు మీద లింగంపల్లి వచ్చి అన్నం మానేశారు. పంతం పట్టి మానడం కాదు. పీట మీద కూర్చునేవారు, పప్పు కలిపేవారు, ముద్ద చేసేవారు. ఆ ముద్ద మాత్రం నోటి దాకా పోయేది కాదు. కాసేపటికి లేచి చెయ్యి కడుక్కునేవారు. నేను కంచం తీసేసేదాన్ని. అప్పట్లో నాకు ఏడుపు వచ్చేది కాదు. తిమ్మిరెక్కిన కాలు ఉంటుంది చూడండి, గిల్లినా తెలియదు, మనసంతా అలా ఉండేది.

ఆయన సైన్యంలో సరఫరా లారీ నడిపేవారు. పిండి, పప్పు, కిరోసిను, మందుగుండు, మేజోళ్ళు కొండల్లో ఉన్నవాళ్ళకు చేర్చడం ఆయన పని. సెలవుకు వచ్చినప్పుడల్లా నాకు ఆ విద్య చెప్పేవారు. కొత్తగా పెళ్ళైన మొగుడు చెప్పాల్సిన కబుర్లేనా ఇవి అని నేను వేళాకోళం చేసేదాన్ని గానీ వినేదాన్ని. ముందు కావలసిన సరుకు లారీలో అన్నిటికంటే ఆఖరున ఎక్కించాలి, లేకపోతే బస్తాలన్నీ దింపితే గానీ అది బయటికి రాదు. కొండ మీదున్న పైవాళ్ళు అడిగాక పంపితే ఆలస్యమైనట్టే, వాళ్ళకు అడిగే అవసరం రాకముందే చేరాలి. దారి ఎప్పుడో ఒకప్పుడు తెగుతుందని ముందే అనుకుని పైన నిల్వ చెయ్యాలి. లారీ తాగే డీజిలు లారీయే మోయాలి, కంచరగాడిద తినే దాణా కంచరగాడిదే మోయాలి.

“అందుకే కింద బస్తా ఎక్కిస్తే పైన గుప్పెడు దిగుతుంది,” అనేవారు నవ్వుతూ.

ఆ విద్యతోనే నేను మాదాపూర్‌లో ఉద్యోగం వెలగబెట్టాను. హైటెక్ సిటీ అప్పుడప్పుడే లేస్తోంది. రోడ్డుకు అటూ ఇటూ బండరాళ్ళు, సీతాఫలం చెట్లు. బండలు పేల్చినప్పుడల్లా మా ఆఫీసు అద్దాలు గలగలమనేవి. ఒక కొత్త సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను అడ్మిన్‌ని. పేరు గొప్ప, ఊరు దిబ్బ. టీపొడి, పాలు, ప్రింటరు కాగితాలు, జనరేటరుకు డీజిలు, చేతులు కడుక్కునే సబ్బులు, ఇవీ నా శాఖలు. అన్నీ వేళకు ఉన్నన్నాళ్ళు నేనొకదాన్ని ఉన్నట్టు ఎవరికీ గుర్తుండేది కాదు. పాలు విరిగిన రోజున మాత్రం అందరూ నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు.

యుద్ధం మొదలయ్యాక ఆఫీసులో టీవీ పెట్టారు. మా ఆయన సైన్యంలో ఉన్నారని తెలిసి ఆఫీసు కుర్రపిల్లలంతా నా చుట్టూ మూగారు.

“మీ ఆయన ఫ్రంట్‌లో ఉన్నారా మేడమ్? ఫైట్ చేస్తున్నారా?”

“లారీ నడుపుతున్నారు,” అన్నాను.

“ఓ, లారీయా,” అని మళ్ళీ టీవీ వైపు తిరిగారు.

నేనేమీ అనుకోలేదు. శిఖరం మీద కూర్చున్న శత్రువుకు కింద రోడ్డు అరచేతిలో గీతలా కనిపిస్తుందని, కొండెక్కే సైనికుణ్ణి కొట్టడం కంటే వాడికి వెళ్ళే అన్నాన్ని కొట్టడం తేలికని వాళ్ళకెవరు చెప్తారు? ఆ రోడ్డు మీద గుండ్లు పడుతున్నాయని వార్తల్లో విన్న రోజున నాకు భయం వేసింది. అదొక్కటే నాకు గుర్తున్న భయం. ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి, వాటితో పాటు భయం కూడా ఆగిపోయింది. లేచేదాన్ని, బస్సెక్కేదాన్ని, టీపొడి తెప్పించేదాన్ని.

మా మేనేజరుగారిది గుంటూరు వైపు. మంచాయన, కాకపోతే ఉత్సాహం ఎక్కువ. “మన జవాన్లకు ఆవకాయ పంపుదామండీ,” అన్నారు ఒకరోజు. అందరూ చప్పట్లు కొట్టారు.

“ఆవకాయ వద్దండీ, మేజోళ్ళు పంపుదాం. అక్కడ కాళ్ళే ముందు పోతాయి,” అన్నాను.

మేజోళ్ళకు సరేనన్నారు గానీ ఆవకాయను వదలలేదు. కొత్త ఆవకాయ పెట్టిన కాలం, ప్రతి ఇంటి నుంచీ ఒక గాజు సీసా వచ్చింది. కర్నూలు పిల్లాడొకడు వాళ్ళమ్మ పండుమిరపకాయలతో నూరిన కొరివికారం తెచ్చాడు, అదే పెట్టెలో పెట్టాలన్నాడు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, మేజోళ్ళ మధ్యన సీసాలు పెట్టి పంపాం. పార్సిల్ ఆఫీసు వాళ్ళు అట్టపెట్టె అడుగున నూనె కారడం చూసి వెనక్కి పంపేశారు. విప్పితే ఉన్ని మేజోళ్ళన్నీ ఎర్రగా ఆవపిండితో ముద్దైపోయి ఉన్నాయి. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

“పోనీలెండి, మనసు ముఖ్యం,” అన్నారు మేనేజరుగారు.

“మనసుతో కాళ్ళు వెచ్చబడవండీ,” అన్నాను. కాస్త పరుషంగానే అన్నాను.

ఆ మేజోళ్ళు ఇంటికి తెచ్చి సబ్బుతో ఉతికాను. వాసన పోలేదు. వాటిని ఆరేస్తుంటే కింద భాగంలో ఉండే మా ఓనరమ్మ అరుగు మీంచి చూసి అడిగింది.

“ఏందిరా బిడ్డా, ఎవరియి గన్ని సాక్సులు?”

సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. “సారు కాడ్నుంచి ఫోన్ గిట్ల వస్తే నేనే ఉరికొచ్చి జెప్త. నువ్వు ఫికర్ జేయకు,” అంది. ఆ వాడకట్టులో ఫోను వాళ్ళింట్లోనే ఉండేది. అది మోగినప్పుడల్లా నేను మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడేదాన్ని. నా కోసం మోగలేదు.

యుద్ధం ముగిసిన చాలా రోజులకు ఒక మధ్యాహ్నం ఆయనే గుమ్మంలో నిలబడ్డారు, ట్రంకు పెట్టె పక్కన పెట్టుకుని. ఒంటి మీద గాయం లేదు. నేను సంతోషపడాలని నాకు తెలుసు. మంచినీళ్ళు ఇచ్చాను. ఆ రాత్రి నుంచే ఆయన తినడం లేదు.

మొదట ప్రయాణం బడలిక అనుకున్నాను. రోజులు గడిచేకొద్దీ చొక్కా భుజాల మీంచి జారిపోసాగింది. కాసిని టీ నీళ్ళు, ఒకటో రెండో బిస్కెట్లు, వాటి మీదే ఉండేవారు.

“సారు గింత చిక్కిండేంది? జర దవాఖానకు తీస్కపోరాదు,” అంది ఓనరమ్మ. తీసుకెళ్ళాను. డాక్టరు కడుపు నొక్కి చూసి, ఏ జబ్బూ లేదని బలానికి ఏదో సీసా రాసిచ్చాడు. కొండల మీద నుంచి బతికి వచ్చిన మనిషి నా వంటింట్లో పోతాడా అనిపించింది. అనిపించింది గానీ చేతులు మాత్రం మామూలుగా బియ్యం కడిగాయి.

ఒక ఆదివారం గోంగూర పప్పు చేశాను. ఆయన కలిపారు, ముద్ద చేశారు, దాన్ని కంచంలోనే వదిలేశారు. నా చేతిలోని గరిటె గోడకేసి కొట్టాను.

“ఎవరి మీది కోపమండీ ఈ అన్నం మీద చూపిస్తున్నారు?”

ఆయన గోడ మీది పప్పు మరక వైపు చూస్తూ చెప్పారు. “కోపం కాదే. మా దగ్గరొక పద్ధతి ఉంది. సరుకు రోడ్డు చివర దింపుతాం. అక్కణ్ణుంచి కంచరగాడిదలు మోస్తాయి, అవి ఎక్కలేని చోట కూలీలు మోస్తారు. పైవాళ్ళకు చేరాక మా సైన్యం ఫోన్లో ఒక్క మాట చెప్తారు, అందింది అని. ఆ మాట వచ్చేదాకా కింద మేమెవరం తినం. ఇది రాసిన రూలు కాదు. పాతవాళ్ళ నుంచి అలా వచ్చింది.”

“అయితే?”

“ఆఖరిసారి ఆ మాట రాలేదు. చాలాసేపు చూశాను. ఇంకో చోటికి లారీ తీయమన్నారు, తీశాను. తర్వాత సెలవన్నారు, వచ్చేశాను. వాళ్ళు తిన్నారో లేదో నాకెవరూ చెప్పలేదు.”

వేసవంతా కబురు కోసం మెట్ల దగ్గర నిలబడ్డదాన్ని, నాకు అంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. కింద పడ్డ గరిటె తీసి కడిగాను. వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

“అందిందట,” అన్నాను.

“ఎవరు చెప్పారు?”

“పొద్దున ఓనరమ్మ వాళ్ళింటికి ఫోనొచ్చింది.”

“అందరూ తిన్నారటా?”

“అందరూ తిన్నారట.”

ఆయన నా మొహంలోకి చూశారు. కొండ మీది పోస్టు నుంచి లింగంపల్లిలో ఓనరమ్మ ఇంటికి ఫోను రాదని నాకంటే ఆయనకే బాగా తెలుసు. ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నారు. నమిలి మింగారు. ఇంకోటి చేసుకున్నారు. నేను నెయ్యి వేశాను.

తలెత్తకుండానే అన్నారు. “రేపు నాకేదైనా అయితే నీకూ ఎవరో ఒకరు ఇలాగే చెప్తారు. నొప్పి తెలియకుండా పోయాడంటారు. నమ్మినట్టే ఉండి, నువ్వూ అన్నం తిను.”

ఏడవాల్సిన మాటే అది. నేను కంచం తెచ్చుకుని ఆయన పక్కన కూర్చుని తిన్నాను. ఆ సెలవు అయిపోయి ఆయన మళ్ళీ రైలెక్కేదాకా, రోజూ రెండు పూటలా కంచం ముందు కూర్చుని ఆయన నా వైపు చూసేవారు. నేను అందిందని చెప్పేదాన్ని. అప్పుడు తినేవారు.