ముందు చీటీ, వెనక చీటీ

తన పెదనాన్న రిటైరుమెంటు సభలో సుదర్శనం లేచి నిలబడి, కుడి జేబులోంచి చీటీ తీసి, "ఇంతసేపు ఓపిగ్గా విన్న మీ అందరికీ నమస్కారం, భోజనాలకు లేవండి" అని చదివాడు. జనం లేచారు. సభ మొదలుపెట్టాల్సిన చీటీ ఎడమ జేబులో ఉంది. పాయసం వడ్డించేటప్పుడు ఆకుల మధ్య నిలబడి దాన్నీ చదివాడు.

ఆ రెండు చీటీలూ తమిళంలో రాసిచ్చింది పచ్చయ్యప్ప. తిరుత్తణిలో తాలూకా ఆఫీసు బయట అర్జీలు రాసే మనిషి. కాఫీ తాగిస్తే చాలు, ఎవరి ఉపన్యాసానికైనా మొదలూ తుదీ రాసిచ్చేవాడు. "నడుమ ఏమన్నా మాట్లాడుకో. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే కాలు జారేది" అనేవాడు. తాను మాత్రం నలుగురిలో నోరు విప్పి ఎరగడు. పెళ్లి పీటల మీద అయ్యవారు గోత్రం అడిగితే మామగారి చేత చెప్పించాడు.

అలాంటివాడికి 1979 కార్తీకంలో గండం వచ్చింది. కే.జీ.కండిగై పక్కనున్న వాళ్ల పల్లెకు, ఎక్కేవాళ్లు తక్కువని, బస్సు నిలిపేశారు. కూతురు కోకిల పదో తరగతి. తిరుత్తణిలో బడి, రెండు గంటల నడక.

"పొద్దన్నే పోయేది సరే. చీకటి పడినాక ఆడబిడ్డ ఒంటిగా కాలవ దాటి వచ్చేదా?" అంది భార్య వనజాక్షి. "సోమవారం నించి పంపను."

కోకిల లెక్కల పుస్తకానికి కొత్త అట్ట వేసుకుంటూ కూర్చుంది. పచ్చయ్యప్ప చూడలేక లేచి బయటికి పోయాడు.

శుక్రవారం బస్సుల ఆఫీసరు ఊరికి వస్తున్నాడన్నారు. సుదర్శనం పరిగెత్తుకొచ్చాడు. "ఆయనది చిత్తూరు పక్కనంట. తెలుగులో పలికితే కరుగుతాడు. నువ్వే మాట్లాడాలన్నా. నా రెండు జోబుల సంగతి నీకు తెలుసు గదా."

పచ్చయ్యప్ప మూడు రోజులు అన్నం సరిగా తినకుండా ముందు చీటీ, వెనక చీటీ రాశాడు. మాట తెలుగు, అక్షరం తమిళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని చదివింది తమిళ బడి, తెలుగు అక్షరాలు అతనికి రావు. తమిళంలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరమన్న సంగతి అన్నేళ్లలో ఎన్నడూ అతనికి అడ్డం రాలేదు.

బడి వరండాలో సభ. బయట జోరున వాన. పచ్చయ్యప్ప లేచి, ముందు చీటీ పట్టుకున్నాడు. తన రాతే, అయినా భయంలో కళ్లకు అక్షరమే కనబడింది గాని అర్థం కనబడలేదు. 'గొడుగై' అని రాసుకున్నదాన్ని ఇలా చదివాడు: "ఇంత వానలో మాకు కొడుకై వచ్చిన అయ్యగారికి..."

ఆఫీసరుకు తల నిండా తెల్లవెంట్రుకలే.

ముందు వరసలోంచి కుప్పమ్మవ్వ అడిగింది: "ఇంత పెద్ద కొడుకుని యాడ కన్నావురా పచ్చయ్యా?"

వరండా అంతా గొల్లుమంది. పచ్చయ్యప్ప దిద్దుకుందామని మళ్లీ చదివాడు. మళ్లీ కొడుకే వచ్చాడు. మూడోసారి చదవబోతే చినుకు పడి చీటీలో సిరా పాకిపోయింది. ఆఫీసరు గడియారం చూసుకుని, "ఇంకెవురన్నా ఉన్నారా?" అంటూ లేచాడు. జీపు డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు.

స్తంభం పక్కన కోకిల నిలబడి ఉంది. అందరూ నవ్వుతున్నారు, ఆ పిల్ల నవ్వడం లేదు.

పచ్చయ్యప్ప చెయ్యి రెండో జేబులోకి పోయింది. వెనక చీటీ తీశాడు గాని దాని వంక చూడలేదు. "చీకటి పడినాక మా పాప కాలవ దాటి నడిచి రావాలయ్యా. ఆ బస్సు లేకుంటే సోమవారంతో దాని చదువు సరి. నేను చెప్పుకునేది ఇంతే. సెలవు" అని, వెనక కుర్చీ లేదన్నది మరిచి తడినేల మీద కూలబడ్డాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు కోకిల వైపు తిరిగి, "బడి ఎన్నింటికి వదుల్తారు?" అన్నాడు.

"నాలుగున్నరకి, సార్."

ఆయన అది రాసుకుని వెళ్లిపోయాడు.

సోమవారం బస్సు రాలేదు, కోకిల బడికి పోలేదు. మంగళ, బుధ వారాలూ అంతే. పచ్చయ్యప్ప ఎవరికీ చీటీ రాయలేదు, కాఫీ ఇస్తే వద్దన్నాడు. గురువారం సాయంత్రం ఖాళీ బస్సొకటి బురద చిమ్ముకుంటూ వచ్చి కాలవ ఇవతల ఆగింది. శుక్రవారం తెల్లవారగానే కోకిల సంచి తగిలించుకుని నడిచింది, చీకటి పడే వేళకు ఆ బస్సు దిగింది.

పొద్దుటి బస్సు మాత్రం మళ్లీ రాలేదు. వారం చూసి సుదర్శనం నిష్ఠూరంగా అడిగాడు: "సాయంత్రం బస్సు తెప్పించుకుంటివి, పొద్దన బస్సు యాడన్నా?"

"వెనక చీటీకి వెనక బస్సే వస్తాది సుదర్శనం, ముందు చీటీకి మీరంతా నవ్వినారు గదా."