నీడలో పెట్టిన నూనె సీసా

నా చిన్నప్పుడు చలికాలం అంటే నాకు అంట్ల గిన్నెలే. రాత్రంతా గోలెంలో నిలిచిన నీళ్లలో పొద్దున్నే చేతులు ముంచితే, వేళ్లు నావో వేరేవాళ్లవో తెలిసేది కాదు. బూడిద, కొబ్బరి పీచు, అడుగంటిన గిన్నె, ముక్కు కారుతుంటే తుడుచుకోవడానికి మోచేయి. ఇప్పటికీ నవంబరు దాటి గాలి కాస్త పొడిబారగానే నా వేళ్ల కొనలు ముందే సలపరం మొదలుపెడతాయి.

మంచివి లేవని కాదు. పొయ్యి ముందు కూర్చుంటే పెనం మీంచి తీసిన జొన్నరొట్టె అరచేతిలో పడేది. అనపకాయలు ఉడికేటప్పుడు వచ్చే వాసన ఉండేది. గట్ల మీద రేగుపండ్లు ఉండేవి. అన్నిటికన్నా పెద్దది, పశువుల కొట్టం గోడ మీద పడే ఎండ. శంషాబాద్ దగ్గరి మా ఊరిలో ఆ రోజుల్లో ఎండకు అడ్డం వచ్చేంత ఎత్తయిన ఇల్లు ఒక్కటీ లేదు. పొద్దు పొడిచి కొంచెం పైకొచ్చేసరికి ఆ మట్టిగోడ వెచ్చబడేది. దానికి వీపు ఆనిస్తే చాలు, ఎముకల్లోకి దిగేది ఆ వెచ్చదనం. కానీ అక్కడ కూర్చునే తీరిక ఎవరికి ఉండేది? కుక్కకూ, మా అవ్వకూ తప్ప.

అవ్వ అంటే మా బాపు తల్లి, నాయనమ్మ. నడుము వంగిపోయి పొలం పనికి వెళ్లడం మానేసింది. మా పెదనాయన, పెద్దమ్మ, బాపు, అమ్మ అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. కౌలు పొలంలో పాలకూర, కొత్తిమీర వేసేవాళ్లు. చీకటి విడకముందే ఆడవాళ్లు ఆకు కోసి కట్టలు కడితే, మగవాళ్లు బండికెత్తుకుని ఆరాంఘర్ మీదుగా పట్నం మార్కెట్‌కు పోయేవాళ్లు. బండి కదిలాక ఇంటి పని మొదలయ్యేది. ఊడ్చుడు, నీళ్లు, పశువులు, వంట, గిన్నెలు. నన్ను బడికి పంపలేదు. ఎవరూ వద్దని చెప్పలేదు, పంపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, అంతే.

ఒక ఏడు వానాకాలంలో మా తమ్ముడు పుట్టాడు. కాన్పు తర్వాత అమ్మ కోలుకోలేదు. ముఖం పాలిపోయి, పెదవులు తెల్లబడి, నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడేది. చలి మొదలైన కొత్తలో ఒకరోజు బోరింగు దగ్గర బిందె ఎత్తబోయి అక్కడే కూలిపోయింది. నేను పక్కనే ఉన్నాను. బిందె దొర్లుకుంటూ వెళ్లిన చప్పుడు ఈ రోజుకీ నా చెవుల్లో ఉంది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు గోలీలు ఇచ్చి, ఒంట్లో రక్తం లేదు, రోజూ కాసేపు ఎండలో ఊరికే కూర్చోవాలి, ఆరాం లేకపోతే మళ్లీ పడిపోతుంది, ఈసారి లేవడం కష్టం అన్నాడట.

ఊరికే కూర్చోవడం మా ఇంట్లో ఎవరికీ రాని పని. అమ్మకు అసలే రాదు. తోటి మనిషి ఎదురుగా పని చేస్తుంటే తను కూర్చోవడమంటే ఆమెకు ఒళ్లంతా సిగ్గు. పైగా మా పెద్దమ్మ నోరు ఉండనే ఉంది. డాక్టరు మాట విన్న రోజే చాట చేతిలో పట్టుకుని అనేసింది, "గోలీలు సాలవా ఏంది? కూసునుడు గూడ రాసిచ్చిండా డాక్టరు? నేను గూడ వోత రేపు, నాకు గట్లనే రాసియ్యమంట."

అమ్మ చీపురు తీసుకుంది.

ఆ తెల్లారే అవ్వకు తలలో దురద పుట్టింది. నేను గోలెం దగ్గర గిన్నెలు తోముతున్నాను. అమ్మ నా పక్కనే కూర్చుని కడుగుతోంది. ఎండలో కూర్చున్న అవ్వ తల రెండు చేతులా గోక్కుంటూ కేక పెట్టింది.

"ఓ పిల్లా! ఇటు రా. పేన్లు పడ్డయ్. గోకి గోకి పానం పోతుంది, జర చూడు."

"గిన్నెలున్నయ్ అత్తమ్మా."

"గిన్నెలు ఏడికి పోతయ్? నా తలకాయనే పొయ్యేటట్టున్నది."

అత్త పిలిస్తే కోడలు వెళ్లక తప్పదు కదా. అమ్మ చేతులు తుడుచుకుని వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంది. అవ్వ ఆమె ముందు చతికిలబడి ముడి విప్పింది. మిగిలిన గిన్నెలన్నీ నా మీద పడ్డాయి. మరుసటి రోజు మళ్లీ దురద. ఆ మరుసటి రోజూ అంతే. బండి కదిలి, ఇల్లు ఊడ్చి, ఎండ గోడ మీదికి వచ్చేసరికి సరిగ్గా అవ్వ తలలో పేలు నిద్ర లేచేవి.

నాకు అవ్వ మీద కోపం వచ్చేది. ఒంట్లో బాగాలేని మనిషిని పట్టుకుని ఈ ముసలామె ఇంకో పని నెత్తిన పెడుతోంది అనుకునేదాన్ని. గుప్పెడు లేని ఆ తెల్ల జుట్టులో అన్ని పేలు ఎక్కడ కాపురం ఉంటాయో నాకు అర్థమయ్యేది కాదు. దానికి తోడు నూనె సీసా ఒకటి. చలికి కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టుకుపోయేది. పేలు చూడటం అయ్యాక తలకు నూనె రాసి, సన్న పళ్ల దువ్వెనతో దువ్వాలి. నూనె కరిగేదాకా లేవడానికి వీల్లేదు అనేది అవ్వ. సరే, తొందరగా కరిగితే అమ్మను తొందరగా వదులుతుంది కదా అని నేను ఆ సీసాను ఎండలో పెట్టేదాన్ని. గిన్నెలు బోర్లించి వచ్చి చూస్తే అది గంప చాటున నీడలో ఉండేది. మళ్లీ ఎండలో పెట్టేదాన్ని. మళ్లీ నీడకు చేరేది. ఒకసారి అడిగేశాను కూడా.

"ఎండల వెడితె సీసా పలుగుతది బిడ్డా," అంది అవ్వ, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

క్రిస్మస్ దగ్గర పడింది. గోడలకు సున్నం వేయాలి, బట్టలు ఉతకాలి. పని ఇంకా పెరిగింది. ఇక ఈ పేల పని నేనే తీసుకుంటే అమ్మకు ఒక బరువైనా తగ్గుతుందని నాకు నేనే అనుకున్నాను. నా కళ్లు చురుకు, నేను చూస్తాను అని చాలాసార్లు చెప్పాను. నీకు కనపడవు, నీ వేళ్లు మొరటు అని అవ్వ తోసేసింది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మ తమ్ముడికి పాలిస్తూ లోపల ఉంది. అవ్వ గోడ దగ్గర ఒక్కతే కునికిపాట్లు పడుతోంది. నేను చప్పుడు చేయకుండా వెనక కూర్చుని ముడి విప్పేశాను.

పాయలు పాయలుగా తీసి చూశాను. చెవుల వెనక చూశాను. మెడ దగ్గర చూశాను. దూది పోగుల్లాంటి జుట్టు, కింద గులాబీ రంగు చర్మం, కడిగిన పళ్లెంలా శుభ్రంగా ఉంది. పేను లేదు సరికదా, పేను గుడ్డు కూడా లేదు. కొంచెం దూరంలో పెద్దమ్మ బియ్యం చెరుగుతోంది. నేను పట్టలేని ఆశ్చర్యంతో గట్టిగా అరిచాను.

"అవ్వా! నీ తలల ఒక్క పేను..."

తొడ మీద గిల్లుడు పడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మాటను అవ్వే అందుకుని ఇంకా గట్టిగా పూర్తి చేసింది.

"ఒక్క పేనా? పుట్ట పగిలినట్టు ఉన్నయ్ అంటుంది పోరి! చూస్తనే ఉండు బిడ్డా, చూస్తనే ఉండు."

పెద్దమ్మ చాట ఆగింది. మళ్లీ కదిలింది. అవ్వ తల తిప్పకుండా, నాకు మాత్రమే వినపడేలా గొణిగింది. "గోర్లు టక్కుమనిపియ్యే. ఊకె కూసుంటె ఎవలు నమ్ముతరు?"

బొటనవేళ్ల గోళ్లు రెండూ కలిపి టక్కుమనిపించాను. కొంతసేపయ్యాక పెద్దమ్మ లోపలికి వెళ్లింది. అప్పుడు చెప్పింది అవ్వ. ఆమె ఎప్పుడూ పెద్ద మాటలు చెప్పే మనిషి కాదు. "మీ అమ్మను కూసో అంటె కూసుంటదా? కూసోదు. పని చెప్తె కూసుంటది. పని చేస్తుందంటె ఎవలు నోరు తెరవరు. గంతే." ఆ తర్వాత సీసా ఎక్కడుందో ఒకసారి చూసుకుని మళ్లీ కునుకులోకి జారుకుంది.

ఆ మరునాడు నేను గిన్నెలు తోముతూ గోడ వైపే చూస్తూ ఉన్నాను. అమ్మ ఎప్పటిలాగే అవ్వ వెనక కూర్చుంది. పాపం, లేని పేలు వెతుకుతూ అమ్మ ఎంత మోసపోతోంది అనుకున్నాను. కానీ ఆమె వేళ్లు వెతకడం లేదు. అవ్వ తల మీద ఊరికే ఆనించి ఉన్నాయి. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. ముఖం ఎండకు ఎత్తి ఉంది. అంత ప్రశాంతంగా ఉన్న అమ్మ ముఖాన్ని నేను అంతకుముందు నిద్రలో కూడా చూడలేదు. పెద్దమ్మ అడుగుల చప్పుడు వినపడగానే, కళ్లు తెరవకుండానే అమ్మ గోళ్లు టక్కుమన్నాయి.

"దొరికింది అత్తమ్మా. పెద్దది."

"సంపు, సంపు," అంది అవ్వ.

బూడిద చేతులతో నేను అలాగే ఉండిపోయాను. అంటే అమ్మకూ తెలుసు. ఎన్నాళ్లుగా తెలుసో. ఆ ఇద్దరూ ఆ సంగతి ఒకరితో ఒకరు ఒక్క మాటైనా అనుకున్నట్టు లేదు. అనుకుని ఉంటే అమ్మ ఇక అక్కడ కూర్చోగలిగేది కాదు. ఆ రోజు నుంచి నేను సీసాను ఎండలో పెట్టడం మానేశాను. పొద్దు తిరిగి ఎండ గంప దాకా వస్తే, గిన్నెలు వదిలి పోయి సీసాను ఇంకొంచెం లోపలికి జరిపేదాన్ని. నీళ్లు అంతే చల్లగా ఉండేవి. వేళ్లు అంతే సలిపేవి. కానీ కోపం మాత్రం పోయింది.

పండుగ ఇంకో వారం ఉందనగా పెద్దమ్మ పని మధ్యలో వచ్చి గోడ దగ్గర మా ముందు నిలబడింది. చేతులకు సున్నం, మోచేతుల దాకా తెల్లగా. అవ్వ తల చూసింది. అమ్మ ముఖం చూసింది. గంప చాటున ఉన్న సీసాను చూసింది. ఇక అయిపోయింది, రేపటి నుంచి అమ్మకు గోడ లేదు అనుకున్నాను.

"గా సీసా గట్ల నీడకుంటె, ఎండకాలం దాక నూనె కరగదు అత్తమ్మా," అంది.

కుక్క చెవులు ఎత్తింది. పెద్దమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. మోకాళ్ల మీద చేయి ఆనించి మెల్లగా కూలబడింది, అమ్మ ముందు, అవ్వ వెనకాల. ముడి విప్పుకుంది.

"నాకు గూడ దురద వెడ్తుంది చెల్లే. జర చూడు."

అమ్మ చేతులు కాసేపు గాలిలోనే ఆగిపోయాయి. తర్వాత పెద్దమ్మ తల మీదికి వచ్చాయి. పెద్దమ్మ చేతులు అవ్వ తల మీదికి వెళ్లాయి. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు, గోడ వెచ్చదనంలో. పెద్దమ్మ కాళ్లు చాపుకుంది. అప్పుడు చూశాను ఆమె మడమలు. ఎండిన చెరువు అడుగులా పగిలి, పగుళ్లలో సున్నం నిండి ఉన్నాయి. ఇంట్లో అందరికన్నా ముందు లేచేది ఆమే. ఆ సంగతి నాకు ఎప్పుడూ తెలిసిందే. కానీ ఆమె కూడా అలసిపోతుందని ఆ రోజే తెలిసింది. కొంతసేపటికి ఆమె తల ముందుకు వాలిపోయింది. గురక కూడా వచ్చింది. "పేన్లు మస్తు పరేషాన్ చేసినట్టున్నయ్," అంది అవ్వ. అమ్మ నవ్వింది. కాన్పు తర్వాత నేను విన్న మొదటి నవ్వు అది.

చలి తగ్గేసరికి అమ్మ పెదవుల్లోకి కొంచెం రంగు వచ్చింది. బిందె ఎత్తుకుని మధ్యలో ఆగకుండా ఇంటికి రాగలిగింది. మళ్లీ పడిపోలేదు. అవ్వ ఇంకో రెండు చలికాలాలు మాత్రమే ఉంది.

ఇప్పుడు ఆ కౌలు పొలాల వైపు విమానాలు దిగుతాయి. మేము ఉండేది కిరాయి ఇల్లు. చుట్టూ ఎత్తయిన ఇళ్లు లేచి, ఎండ డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన మాత్రమే పడుతుంది. నాకు పెళ్లి తొందరగా అయింది, అత్తను కూడా తొందరగానే అయ్యాను. నా కోడలు ఎయిర్‌పోర్టులో రాత్రి డ్యూటీలో నేలలు తుడుస్తుంది. మంచు పడితే డ్యూటీవాళ్లను దింపే బండి ఆలస్యం, పొద్దెక్కి వస్తుంది. వచ్చీ రాగానే కొంగు దోపి గిన్నెల దగ్గర కూర్చుంటుంది. కూసో బిడ్డా అంటే, "నువ్వు చేస్తుంటె నేనెట్ల కూసుంట అత్తమ్మా," అంటుంది. నేను కూడా మధ్యాహ్నం హోటల్ వంటింట్లో గిన్నెలు కడగడానికి పోవాలి. ఇద్దరికీ ఓపిక లేదు, ఇద్దరికీ కూర్చోవడం రాదు. ఈ కాలంలో పేలు అంటే ఆ పిల్ల షాంపూ తెచ్చిపెడుతుంది. అందుకే ఒక చలికాలం బజారుకు పోయి పలక కొన్నాను.

"నాకు సదువు చెప్పు బిడ్డా. బస్సు మీద ఏం రాసున్నదో తెల్వక పరేషాన్ అవుతుంది," అన్నాను.

నిజానికి ఆ వయసులో నాకు చదువు మీద ఆశేమీ లేదు. అడిగి ఎక్కి, అడిగి దిగి అంతకాలం గడిపినదాన్ని. కానీ ఆమె కూర్చుంది. ట్యాంకుకు వీపు ఆనించి, పలక మీద ఒక అక్షరం రాసి ఇచ్చింది. నేను దిద్దుతుంటే ఎండలో ఆమె కళ్లు మూతపడ్డాయి. నేను మెల్లగా దిద్దాను. ఇంకా మెల్లగా దిద్దాను. అలా రోజుకో అక్షరం, చలి వెంట చలి, నాకు నిజంగానే చదువు వచ్చేసింది. ఇది రాస్తున్నది ఆ అక్షరాలతోనే.

మొన్న మందుల షాపు దగ్గర పక్కింటామెకు గోలీల డబ్బా మీద ఉన్నది చదివి చెబుతుంటే, వెనకనుంచి నా కోడలు విన్నది. ఇక పలక అటకెక్కుతుంది అనుకున్నాను. తెల్లారి డ్యూటీ దిగి వచ్చి, ముఖం కడుక్కుని, తనే పలక పట్టుకుని డాబా ఎక్కింది. నేను రాసింది చూసింది. పెదవి విరిచింది.

"ఇంక మంచిగ రాలే అత్తమ్మా. ఇంకోపారి దిద్దు, జర నిమ్మలంగ," అంది, అప్పటికే కళ్లు మూసుకుంటూ.

దిద్దడం అయ్యాక ఆమె తలకు రాద్దామని ట్యాంకు మీద పెట్టిన కొబ్బరినూనె సీసా వైపు ఎండ జరుగుతోంది. నేను చేయి చాపి దాన్ని నీడలోకి లాగి, వచ్చిన అక్షరాన్నే మళ్లీ దిద్దడం మొదలుపెట్టాను.