మంగయ్య కట్టిన గ్రహాంతర వేషం

మా సత్తుపల్లి వీధిలో మంగయ్యంత పొడుగు మనిషి లేడు. మా ప్రహరీ అవతల ఎవరు నడిచి వెళ్ళినా నాకు నెత్తి మాత్రమే కనిపిస్తుంది. మంగయ్య అయితే చొక్కా జేబు దాకా కనిపిస్తాడు. అంత మనిషికి దొరికిన ఉద్యోగం ఏమిటంటే, భూమి లోపల బొగ్గు తీసే పని. ఇల్లెందు వైపు బాయిలో సగం జీవితం నడుం వంచుకునే గడిపాడు. బొగ్గు గనిని అందులో పనిచేసేవాళ్ళు బాయి అనే అంటారు. ఆ తర్వాత మా ఊరి ఓపెన్‌కాస్టుకు, అంటే ఆరుబయట తవ్వే గనికి, బదిలీ అయి వచ్చాక గాని నిటారుగా నిలబడే వీలు దొరకలేదు. అప్పటికి రిటైర్మెంటు దగ్గర పడింది. ఇప్పటికీ గుమ్మం ఎంత ఎత్తున్నా తల వంచే వస్తాడు. పెళ్ళికి పిలిస్తే షామియానా కిందికి కూడా వంగే వస్తాడు.

అతని భార్య బతుకమ్మది మా ఎదురిల్లు. నన్ను అక్కా అంటుంది కాబట్టి మంగయ్య నాకు మరిది వరస. మనిషి నెమ్మది. ఒక్క సినిమాల సంగతి ఎత్తితేనే నోరు తెరుస్తాడు. వయసులో ఉన్నప్పుడు డ్యూటీ దిగి, చెవుల వెనక మసి సరిగా కడుక్కోకుండానే ఫస్టు షోకు పరుగెత్తేవాడట. ఎప్పటికైనా ఒక్కసారి తెర మీద కనిపించాలని అతని కోరిక. పెళ్ళిచూపుల్లో బతుకమ్మతో మొదట చెప్పిన మాట కూడా అదేనట. ఇప్పటికీ ఆమె దాన్ని ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

ఆ కోరిక తీరే రోజు బుల్లెట్ బండెక్కి వచ్చింది. వచ్చినవాడు ఉదయ్ భాస్కర్. పామాయిల్ తోటల బసవపున్నయ్య గారి అబ్బాయి. వాళ్ళ తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నవాళ్ళు. అబ్బాయి హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివి, ఇంజన్ల జోలికి పోకుండా సినిమా ఎడిటింగ్ నేర్చుకుని వచ్చాడు. యూట్యూబులో పెట్టడానికి ఒక చిన్న సినిమా తీస్తాడట. వేరే గ్రహం నుంచి ఒక ప్రాణి మన అడవి అంచున దిగుతుంది. తల నుంచి కాలి దాకా కప్పే ఆ వేషానికి బాగా పొడుగు మనిషి కావాలి. ఊళ్ళో ఎవర్ని అడిగినా మంగయ్య పేరే చెప్పారట.

మంగయ్య అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు. అబ్బాయి అతన్ని కింది నుంచి పైకి చూసి, “చాలండీ, ఇంకేం చూడక్కర్లేదు” అన్నాడు. తన పొడుగును చూసి ఒక మనిషి సంతోషపడటం మంగయ్యకు బహుశా అదే మొదలు.

“మొఖం కనపడది గద సారూ” అంది బతుకమ్మ, చేటలో బియ్యం చెరగడం ఆపి. “లోపల ఈయనే ఉన్నడని ఎవలికి తెలుస్తది? మొఖం కనపడని సినిమా ఎందుకు?”

“నాకు తెలుస్తది గదనే” అన్నాడు మంగయ్య.

ఇక నా సంగతి. నాకు తెలియనిది ఏదైనా ఎదురుగా కూర్చుంటే అడగకుండా ఉండలేను. అబ్బాయి తన ఫోనులో గ్రహాంతరవాసుల బొమ్మలు, ఇంగ్లీషు సినిమాల్లోవి, పిల్లలు ఆడే ఆటల్లోవి, రంగుల బొమ్మల పుస్తకాల్లోవి వరసగా చూపించాడు. ఒకదానికి గుమ్మడికాయంత తల, చీపురుపుల్లల్లాంటి చేతులు. ఒకదానికి నోట్లో ఇంకో నోరు. ఇంకొకదానికి ఒళ్ళంతా జిగురు. వీళ్ళకు చెవులెందుకు లేవు అని అడిగాను. అంత దూరం నుంచి ఓడ కట్టుకుని వచ్చే తెలివి ఉన్నవాళ్ళకు ఒంటి మీద బట్ట నేసుకునే తెలివి ఎందుకు లేదు అన్నాను. వచ్చిన ప్రతివాడూ మన భూమి లాక్కోవడానికే ఎందుకు వస్తాడు, చుట్టపుచూపుగా ఒక్కడూ రాడా? పిల్లల ఆటల్లో కనబడగానే కాల్చేయడమే గాని, ఎందుకొచ్చావయ్యా అని అడిగే మీట లేదేం? వాళ్ళలో ముసలమ్మలు ఉండరా? చివరికి, మన సినిమాలో దిగే ఇతగాడు తన ఊళ్ళో ఏం పని చేసి బతికేవాడు అని అడిగాను. అది కథకు అక్కర్లేదండీ పెద్దమ్మ గారూ అని అబ్బాయి నవ్వి తప్పించుకున్నాడు. అది ఎందుకు అక్కర్లేదో నాకైతే అర్థం కాలేదు.

వేషం కుట్టే పని మా వీధి చివర టైలరు అరుణశ్రీకి అప్పజెప్పారు. జాకెట్లు కుట్టే పిల్ల. గ్రహాంతరవాసిని కుట్టడం దానికీ కొత్తే. బండి సీట్లకు వేసే ఆకుపచ్చ రెగ్జీను, లోపల స్పాంజీ, కళ్ళకు హెల్మెట్ల ముందుండే నల్ల అద్దాలు. కొలతలు తీసుకునేటప్పుడు స్టూలెక్కి భుజాలు కొలిచింది. వేళ్ళు ఎన్ని పెట్టాలో ఎవరూ చెప్పలేదు. మూడు పెడితే పని తొందరగా అవుతుందని మూడే పెట్టింది. మంగయ్య అది తొడుక్కుని మా వాకిట్లోకి వస్తే నాకే గుండె ఒక్కసారి ఆగినట్లయింది. తర్వాత గుమ్మంలో తల వంచాడు. హమ్మయ్య, మనవాడే.

షూటింగు దమ్మపేట పోయే దారిలో ఒక పాత కంకర క్వారీలో పెట్టారు. గుట్టను సగానికి కోసి వదిలేసిన చోటు అది. ఒక పక్క గుహలా లోపలికి ఉంటుంది. చుట్టూ బోడి రాయి, వెనక అడవి. చంద్రుడి మీద కూడా ఇలాగే ఉంటుందని అబ్బాయి అంటే, చంద్రుడు ఇంత దగ్గరా అనుకున్నాం. నేను, బతుకమ్మ పులిహోర గిన్నెతో సహా ఆటోలో వెళ్ళాం. రమ్మని ఎవరూ అనలేదు. పొమ్మని కూడా అనలేదు.

పొద్దున పని హుషారుగా సాగింది. గ్రహాంతరవాసి గుట్ట దిగి రావడం తీశారు. ఆ దారినే వస్తున్న మేకల మంద అతన్ని చూసి చెల్లాచెదురైంది. మేకల కాపరి మాత్రం కర్ర మీద గడ్డం ఆనించి నిదానంగా చూసి, “మంగన్నా, గీ ఎండల గదేం వేషమే?” అని అడిగాడు. అబ్బాయి తల పట్టుకున్నాడు. మాకు కడుపు నొప్పి వచ్చేంత నవ్వు.

అసలు సంగతి మధ్యాహ్నం మొదలైంది. ఆ రోజు తీయాల్సిన ముఖ్యమైన సీను అదే. కథలో గ్రహాంతరవాసి దుర్మార్గుడు. హీరో ఒక పెట్టె పట్టుకుని గుహలోకి పారిపోతాడు. పైకప్పు కూలి అతని మీద రాళ్ళు పడతాయి. గ్రహాంతరవాసి వచ్చి, ఆ రాళ్ళ మీద కాలు పెట్టి, భుజాలు ఊపుతూ నవ్వి, పెట్టె తీసుకుని, మనిషిని అలాగే వదిలేసి వెళ్ళిపోవాలి. హీరోగా వేసింది జిమ్ము నడిపే వాసు. రాళ్ళు థర్మాకోల్‌వి. నల్ల రంగు కొట్టారు. నేనే ఒకటి ఎత్తి చూశాను, అప్పడమంత బరువు లేదు.

యాక్షన్ అన్నారు. రాళ్ళు పడ్డాయి. వాసు కేక పెట్టాడు. గ్రహాంతరవాసి వేషంతో పాటు ఇచ్చిన ఉత్తుత్తి తుపాకీ పారేసి, ఒక్క ఉరుకులో వెళ్ళి మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులా రాళ్ళు తీసి పక్కకు విసరడం మొదలుపెట్టాడు. అందరూ ఘొల్లున నవ్వారు. మంగయ్య కూడా లోపల నవ్వినట్లే ఉంది, స్పాంజీ కదిలింది. మరచిపోయిన సారూ అన్నాడు.

రెండోసారి తీశారు. కాలు పెట్టాడు, నవ్వాడు, పెట్టె తీసుకున్నాడు, వెళుతున్నాడు. అంతా బాగుందని నేను బతుకమ్మ చెయ్యి గిల్లాను. అంతలో ఆగి, వెనక్కి తిరిగి వచ్చి మళ్ళీ రాళ్ళు తీయసాగాడు.

ఆ కేక వల్లే ఇదంతా అని అబ్బాయికి తోచింది. ఈసారి అరవకుండా కళ్ళు మూసుకుని పడి ఉండమని వాసుకు చెప్పాడు. అది ఇంకా చెడ్డదైంది. భూమి లోపల అరిచేవాడు బతికున్నట్టు, అరవనివాడి సంగతే భయమట. ఆ మాట మాకు తర్వాత తెలిసింది. మూడోసారి మంగయ్య పెట్టె వైపే చూడలేదు. ముందు తల దగ్గరి రాళ్ళు తీశాడు. ఆ లావు మూడు వేళ్ళతోనే వాసు ముక్కూ నోరూ తుడిచాడు. మెడ కింద చెయ్యి పెట్టి, తన ఒళ్ళు అడ్డం పెట్టి, పైకి చూస్తూ మనిషిని బయటికి లాగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. వాసు కళ్ళు తెరిచి, “కాకా, నాకేం కాలే” అన్నాడు మెల్లగా.

అబ్బాయికి కోపం వచ్చింది. అతని తప్పు కూడా లేదు. కెమెరా ఆ ఒక్కరోజుకే తెచ్చుకున్నాడు, ఎండ దిగిపోతోంది. “మంగయ్య గారూ, అది థర్మాకోలండీ. మీకు తెలుసు కదా” అన్నాడు.

మంగయ్య తలకాయ ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు. ముఖమంతా చెమట.

“తెలుసు సారూ. నాకు తెలుసు గాని నా చేతులకు తెలుస్తలేదు.”

“ఇంకొక్కసారి ప్రయత్నం చేయండి. లేదంటే ఇంకెవరినైనా పెట్టుకోవాల్సి వస్తుంది.”

బతుకమ్మ నా పక్కన నిలబడి, ఒప్పుకో, ఒప్పుకో అని గొణుగుతోంది. ఇంట్లో అంత ఎత్తిపొడిచే మనిషి గొణుగుతూనే కొంగు నలిపేసింది. మంగయ్య ఒకసారి రాళ్ళ వైపు చూసి, ఆ తలకాయను అబ్బాయి చేతిలో పెట్టాడు.

“పెట్టుకోండి సారూ. పైకప్పు కూలినంక మనిషిని దాటి పోవుడు నాతోని కాదు. ఉత్తుత్తిదైనా కాదు.”

అంత ఆశపడ్డ మనిషి ఆ మాట అనేసి, రెగ్జీను జిప్పు కోసం వీపు తడుముకున్నాడు.

మనిషి దొరక్క అబ్బాయి లైట్లు పట్టే శ్రీధర్‌కు ఆ వేషం తొడిగించాడు. శ్రీధర్ మంగయ్య భుజం దాకా కూడా రాడు. మోకాళ్ళ రెగ్జీను పాదాల కింద పడింది, చేతుల చివర్లు నేల మీద ఈడుస్తున్నాయి, కళ్ళద్దాలు ముక్కు దగ్గరికి జారాయి. నాన్న వానకోటు వేసుకుని బడికి బయలుదేరినట్లు ఉన్నాడు. రెండడుగులు వేసి బోర్లా పడ్డాడు. మడిచి కుడతావా అని అబ్బాయి అడిగితే, వేషం చిరిగితే కుట్టడానికని వచ్చిన అరుణశ్రీ చేతులు ఎత్తేసింది. “రెగ్జీనుకు ఒక్కపాలి సూది పడితే బొక్కే అన్నా. తెల్లారేదాకా కూసున్నా కాదు” అంది.

అబ్బాయి ఒక బండ మీద కూర్చున్నాడు. నేను పులిహోర పెట్టిన ప్లేటు అతని చేతికిచ్చాను. తింటూ తింటూ, మూడోసారి తీసిన సీను కెమెరాలో మళ్ళీ వేసుకుని చూశాడు. ఇంకోసారి చూశాడు. “లాగడం అయితే బాగానే లాగారు” అన్నాడు తనలో తను. “కానీ భూమిని ఆక్రమించడానికి వచ్చినవాడు మనిషిని ఎందుకు కాపాడతాడు? చూసేవాళ్ళు అడగరా?”

“ఆళ్ళ ఊర్ల గూడ బాయి ఉన్నదేమో బిడ్డా” అన్నాను. “ఈయన అందుల్నే పని చేసేటోడేమో.”

అబ్బాయి ముద్ద నోట్లో పెట్టుకోవడం ఆపి నా వైపు చూశాడు. తర్వాత మంగయ్య వైపు చూశాడు. మంగయ్య అప్పటికే లుంగీ కట్టుకుని, శ్రీధర్ మోకాలికి తగిలిన దెబ్బ మీద నీళ్ళు పోస్తున్నాడు. ఎంతైనా అబ్బాయి మంచివాడు. ప్లేటు కింద పెట్టి, లేచి వెళ్ళి, తలకాయ మళ్ళీ మంగయ్య చేతికే ఇచ్చాడు. ఎండ ఉన్నంత సేపూ తీస్తూనే ఉన్నారు. రాళ్ళ కింది నుంచి బయటపడ్డ హీరో ఏం చెయ్యాలో ఎవరూ రాసుకోలేదు కాబట్టి, వాసు తన నీళ్ళ సీసా తీసి గ్రహాంతరవాసికి ఇచ్చాడు. నోరు లేని తలకాయ అది. మంగయ్య ఆ సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, మూడు వేళ్ళతో నెత్తి మీద పోసుకున్నాడు. ఎండకు నిజంగానే అవసరమై పోసుకున్నానని తర్వాత చెప్పాడు.

సినిమా యూట్యూబులో పెట్టేముందు, బసవపున్నయ్య గారు తమ పామాయిల్ మిల్లు ఆవరణలో తెల్లగుడ్డ కట్టించి ఊరందరికీ చూపించారు. మా వీధి మొత్తం వెళ్ళింది. ఓపెన్‌కాస్టులో చేసేవాళ్ళు, రిటైరైనవాళ్ళు ఆడవాళ్ళతో సహా వచ్చి చాపల మీద కూర్చున్నారు. మేకలు చెదిరినప్పుడు నవ్వారు, మూడు వేళ్ళు చూసి నవ్వారు. పైకప్పు కూలి, ఆ ఆకుపచ్చ మనిషి మోకాళ్ళ మీద పడి తల దగ్గరి రాళ్ళు ముందు తీయడం మొదలుపెట్టగానే బాయి పని చేసినవాళ్ళ మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఒక ముసలాయన చేతిలోని బీడీ పారేసి సరిగ్గా కూర్చున్నాడు. లోపల ఉన్నది ఎవరో వాళ్ళకు చెప్పనక్కర్లేకపోయింది. అయ్యాక చప్పట్లు వాసు కోసం కాదు. మంగయ్యను లేపి నిలబెట్టారు. అతను అలవాటు కొద్దీ మెడ వంచుకునే నిలబడ్డాడు.

బతుకమ్మ మాత్రం చాప మీద నుంచి లేవలేదు. జనం పలచబడ్డాక, మొగుడు వచ్చి పక్కన నిలబడితే తల ఎత్తి అడిగింది.

“ఇల్లెందుల గోర్లు ఊడిపోయి ఇంటికొచ్చినవ్ సూడు. పని ఎక్కువైందంటివి. ఆ దినం గిట్లనే తీసినవా?”

“అవ్.”

“ఆ మనిషి ఉన్నడా మరి?”

“ఉండకేం?” అన్నాడు మంగయ్య, చాప చుట్టడానికి వంగుతూ. “సీతయ్య. ఏటేటా మనకు మామిడిపండ్లు ఎవలు పంపుతున్నరనుకున్నవ్?”

బతుకమ్మ నా వైపు తిరిగి చూసింది. ఆ పండ్లు నేనూ తిన్నాను. పుల్లగా ఉన్నాయని, సినిమా దోస్తు పంపాడని మొగుడు చెప్పే ఈ దిక్కుమాలిన పండ్లు ఎవరివోనని ఆమె ప్రతి ఏడూ తిట్టిపోస్తూనే పచ్చడి చేసేది.

“ముందుగాల్నే చెప్తే ఏం పోయెనయ్యా” అంది చివరికి, చాప రెండో కొస పట్టుకుని. “ఆయనకు ఫోన్ కలుపు. నేను మాట్లాడాలె.”