పులిహోర లిస్టు రాసిన చెయ్యి

మా చరిత్ర మేష్టారు పోయేరు. మొన్న మంగళవారం పొద్దున్న స్కూలుకి బయల్దేరుతూ, చొక్కాలో ఒక చెయ్యి దూర్చి రెండోది దూర్చకుండానే కుర్చీలో కూలబడిపోయేరు. ఆయన భార్య, మా పిన్నిగారు, గోడ మీద దబదబా బాదేరు. మా సెక్టర్ 4 క్వార్టర్లలో గోడ మీద అలా బాదితే, చేతిలో పని ఎక్కడిదక్కడ పడేసి పరుగెత్తుకెళ్ళాలి. మాది పది, వాళ్ళది పదకొండు. నేను వెళ్ళేసరికే పన్నెండులో ఉండే సర్దార్జీ వచ్చి మేష్టారి అరికాళ్ళు రుద్దుతున్నాడు. ఏం లాభం, అప్పటికే అయిపోయింది.

తెలుగు సంఘం హాల్లో సంతాప సభ పెట్టేం. మంచి మాటలే మాట్లాడేరు అందరూ. తీరా బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటూ ఒక పెద్దాయన, "అన్నీ బాగానే ఉన్నాయిగానీ, ఆ లిస్టు సంగతొక్కటే..." అని నసిగేడు. పక్కాయన తలూపేడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మండితే ఏం లాభం? నోరు తెరిచి ఏమన్నా అన్నానా? లేదు. ఐదేళ్ళుగా తెరవని నోరు అంత తొందరగా తెరుచుకుంటుందా?

అందుకే మన సంఘం పత్రికకి రాస్తున్నాను. ఇది చదివే మీలో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. ఆయన మీద పడ్డ ఆ మాట అబద్ధం. అది తుడిచెయ్యాలి. తుడిచేక నా గురించి మీరేమనుకున్నా సరే, అనుకోండి.

మేష్టారు విజయనగరం నుంచి కుర్రతనంలోనే భిలాయి వచ్చేరు. ఏటా వేసవి సెలవుల్లో స్కూల్లోని నల్లబల్లలకి తనే రంగు వేసేవారు. "ఆ పని ప్యూను చేస్తాడు కదండీ" అంటే, "వాడు గోడకి వేసినట్టు వేస్తాడమ్మా. బల్లకి వేసినట్టు వెయ్యాలి" అనేవారు. జూన్ నెల్లో ఆయన గోళ్ళు నల్లగా ఉండేవి. మిగిలిన రంగు డబ్బా ఇంట్లో మంచం కింద పెట్టుకునేవారు.

వినాయక చవితికి మా వీధుల్లో ప్రసాదం లిస్టు రాసేది కూడా ఆయనే. ఏ నంబరు ఇంట్లో ఎవరున్నారు, ఎంతమంది, ఎవరికి ఇంగువ పడదు, ఎవరింట్లో చంటిపిల్లలున్నారు, కారం తగ్గించాలి, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసేవారు. తెలుగువాళ్ళ ఇళ్ళే కాదు. బెంగాలీలు, మలయాళీలు, సాయిబులు, సర్దార్లు, రైల్వేలో చేసే మన క్రిస్టియన్లు, ఒక్క ఇల్లు కూడా వదిలేవారు కాదు. "పులిహోర వద్దనే దేవుడు ఇంకా పుట్టలేదర్రా" అనేవారు. ఏ ఊళ్ళోనైనా మనుషుల లిస్టు ఇంత ప్రేమగా రాసేరో లేదో నాకు తెలీదు.

నేను తొమ్మిదో క్లాసులో ఉన్నప్పుడు, డెబ్భైల్లో, మొదటి ప్రపంచ యుద్ధం పాఠం చెప్పేరు. బల్ల మధ్యలో సుద్దతో ఒక చుక్క పెట్టి, "ఇది తుపాకీ గుండు" అన్నారు. ఆస్ట్రియా యువరాజు కారు తప్పు మలుపు తిరిగింది. డ్రైవరు వెనక్కి తిప్పబోతే బండి ఆగింది. ఎదురుగా తుపాకీ పట్టుకుని ఒక కుర్రాడు. అంతే, నాలుగేళ్ళ యుద్ధం. మా క్లాసులో నలభై మంది నోళ్ళు వెళ్ళబెట్టుకుని విన్నాం.

"ఆ కుర్రాడు ఎంతమందిని చంపేడు?" అని అడిగేరు.

ఒకడు లక్షలన్నాడు, ఒకడు కోటన్నాడు.

"ఏటి, మీకు లెక్కలు కూడా రావా? ఇద్దర్ని చంపేడు. యువరాజుని, ఆయన పెళ్ళాన్ని. మరి మిగతావాళ్ళని చంపిందెవరు?"

మేష్టారు ఆ సుద్ద చుక్క మీద వేలు పెట్టేరు. "చరిత్ర అంటే తేదీలు కాదర్రా, చేతులు. గుండు పేల్చిన చెయ్యి ఒక్కటే. దాని తరవాత ఎన్ని చేతులు లేచేయో చూసుకోండి. జవాబు దొరికిననాడు చెప్పండి, తొందరేం లేదు" అని బల్ల తుడిచేసేరు. ఏటేటా ప్రతి బ్యాచిలోనూ ఇదే ప్రశ్న వేసేవారు. ఎవరు ఏ జవాబు చెప్పినా, "ఊఁ, ఇంకా ఉంది" అనేవారు.

ఎనభై నాలుగులో ప్రధానమంత్రిని ఆవిడ ఇంటి ఆవరణలోనే కాల్చి చంపేరు. కాల్చింది సొంత అంగరక్షకులు, ఇద్దరూ సిక్కులు. నేనప్పటికి అదే స్కూల్లో కొత్తగా చేరిన టీచర్ని, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మేష్టారింట్లో రేడియో చుట్టూ అందరం ఏడిచేం. మేష్టారు మాత్రం ఏడవలేదు. కిటికీలోంచి పన్నెండో నంబరు వైపు చూసి, "ఇక చేతులు లేస్తాయి" అన్నారు. నాకు అర్థం కాలేదు. అంత చదువు చెప్పించుకుని కూడా అర్థం చేసుకోలేదు చూడండి, అదీ నా తెలివి.

మర్నాడు సాయంత్రం మా క్లాసులోనే చదివినవాడొకడు మా ఇంటికొచ్చేడు. ఏటా నాతోపాటు గిన్నె పట్టుకుని ప్రసాదం పంచినవాడే. "దీదీ, కాలనీకి రక్షణ కమిటీ వేస్తున్నాం. సర్దార్ల ఇళ్ళ దగ్గర మనుషుల్ని కాపలా పెట్టాలి. మేష్టారి లిస్టు నీ దగ్గరుందిగా, ఇస్తావా?" అన్నాడు. ఆ యేడు పంపకం నాదే, లిస్టు మా అల్మరాలోనే ఉంది. మంచిపనేగా అనుకున్నాను. మేష్టార్ని ఒక్క మాట అడగాలని కూడా తోచలేదు. తీసి ఇచ్చేను. పైగా, "వెనక వీధిలో ముసలి సర్దారు, బాబాజీ, ఒక్కడే ఉంటాడు, చెవుడు కూడాను. ఆయన్ని ముందు చూసుకోండి" అని చెప్పేను.

అవును, చెప్పేను. నా నోటితోనే.

మర్నాడు మధ్యాహ్నం ఆకాశం మసకబారింది. భిలాయిలో పొగ వస్తే ఎవరూ తలెత్తి చూడరు, ఉక్కు ప్లాంటు ఉండగా పొగ లేని రోజెక్కడిది? కానీ కాసేపటికి వాసన మారిపోయింది. రబ్బరు వాసన, కిరసనాయిలు వాసన, ఆ పైన ఇంకేదో వాసన. వెనక వీధిలోంచి అరుపులు వినబడ్డాయి. మా ఇంట్లో అంట్లు తోమే ఆమె పరుగెత్తుకొచ్చి గుమ్మంలోనే కూలబడిపోయి, "బాబాజీ కో జలా దియా" అంది. ఆయన్ని మంచంతో సహా వీధిలోకి లాగి, మెడలో టైరు వేసి తగలబెట్టేరట. ముసలాయన రిటైరైన వెల్డరు. ఏటా పులిహోర గిన్నె కడిగి, అందులో బెల్లం ముక్క వేసి తిరిగి ఇచ్చేవాడు. వాళ్ళ చేతిలో కాయితం ఉందట. నంబర్లు చూసుకుంటూ వస్తున్నారట.

ఇంకేటి చూసేది! మేష్టారింటికి పరుగెత్తేను. ఎలా చెప్పేనో నాకే తెలీదు. "లిస్టు నేనే ఇచ్చేను మేష్టారూ" అన్నాను. ఆయన మొహం సుద్దముక్కలా తెల్లబడిపోయింది. చెంపదెబ్బ కొడతారనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఏడుపులు తరవాతమ్మా. మంచం కింద రంగు డబ్బా ఉంది, తే" అన్నారు.

మా క్వార్టర్లు అన్నీ ఒక్కలాంటివే. అవే తలుపులు, అవే కిటికీలు, అదే పసుపు సున్నం. గోడ మీద నంబరు చూస్తే తప్ప సొంత ఇల్లు కూడా ఆనవాలు పట్టలేం. మేష్టారు రెండు ఇళ్ళ నంబర్ల మీదా సున్నం పూసేసి, నల్లబల్ల రంగుతో సర్దార్జీ ఇంటికి పదకొండనీ తన ఇంటికి పన్నెండనీ రాసేరు. నేను స్టూలు పట్టుకున్నాను. స్టూలు కదులుతుంటే, "కదలకు, అంకె వంకర పోతోంది" అని కసిరేరు.

పిన్నిగారు అంతకంటే పెద్ద పని చేసేరు. సర్దార్జీ గడప కడిగి, పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, వాకిట్లో ముగ్గేసేరు. తన గుమ్మానికున్న తోరణం తెంపి అక్కడ కట్టేరు. తన గడప మీద పసుపు కొబ్బరిపీచుతో రుద్ది రుద్ది పోగొట్టేసేరు. పెళ్ళైన దగ్గర్నుంచి ఒక్క శుక్రవారం కూడా ఆ గడప బోసిగా ఉంచిన మనిషి కాదు ఆవిడ.

లోపల సర్దార్జీ తలపాగా విప్పేసి కూచున్నాడు. ఎదురుగా భార్య చేతిలో కత్తెర, ఒడిలో పిల్ల. ప్లాంటులో క్రేను నడిపే మనిషి, మా అందరికంటే ఒక జానెడు ఎత్తు, చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు. మేష్టారు ఆ కత్తెర లాక్కుని జేబులో వేసుకుని, "నంబరు మార్చేం భయ్యా. జుట్టు మార్చక్కర్లేదు" అన్నారు. బయటికొచ్చి వాళ్ళ తలుపుకి తాళం వేసేరు. పిన్నిగార్ని మా ఇంటికి పంపేసి, తను పన్నెండో నంబరు రాసిన సొంత ఇంట్లోకి వెళ్ళి కూచున్నారు.

"మీరూ రండి మేష్టారూ" అన్నాను.

"ఖాళీ ఇల్లు చూస్తే పక్కిల్లు వెతుకుతారమ్మా. మనిషి ఉండాలి" అన్నారు.

వాళ్ళు ముప్ఫై మంది ఉంటారేమో, ఒక్కటీ మా కాలనీ మొహం కాదు. ఇనప కడ్డీలు, సైకిలు చైన్లు. మా కిటికీ సందులోంచి చూసేను. మొదటి దెబ్బకే తలుపు ఊడిపోయింది. "సర్దార్ కహాఁ హై?" అని ఒకటే అరుపులు. "యహ్ మేరా ఘర్ హై", ఇది నా ఇల్లు, అన్న మేష్టారి గొంతు ఒక్కసారే వినబడింది. తరవాత మూలుగు వినబడింది. మధ్య గోడలోంచి ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకునేలా వినబడింది. పిన్నిగారు నోట్లో కొంగు కుక్కుకుని ఆ గోడకే నుదురు ఆనించి నిలబడ్డారు. ఆవిడ ఆ గోడ మీద బాదలేదు. నా జన్మలో అంత నిశ్శబ్దంగా ఏడ్చిన మనిషిని చూడలేదు.

పుస్తకాల బీరువా వాకిట్లోకి లాగి నిప్పెట్టేరు. మేష్టారి కుడి మణికట్టు మీద కడ్డీతో కొట్టేరు, మూడు దెబ్బలు. చివరికి ఒకడెవడో లోపల దేవుడి పటాలు చూసి, "ఇది మన వాళ్ళ ఇల్లే, లిస్టు తప్పు" అని అరిచేడు. పోతూపోతూ పక్కింటి ముందు ఒక్క క్షణం ఆగేరు. తోరణం చూసేరు, గడప చూసేరు, వెళ్ళిపోయేరు. తాళం వెనకాల ఆ పిల్ల ఏడవకుండా సర్దార్జీ నోరు మూసి పట్టుకున్నాడట. పిల్ల బుగ్గల మీద అతని వేళ్ళ గుర్తులు రెండు రోజులున్నాయి.

అంతా చల్లబడ్డాక మా వీధి చివర ఆ కాయితం దొరికింది. గుండ్రటి అక్షరాలు. ఆ రాత ఎవరిదో ఎవరికి తెలీదు? సంఘం పెద్దలు అందర్నీ కూర్చోబెట్టి మేష్టార్ని అడిగేరు. చేతికి పిండికట్టు, కంటి కింద నల్లగా కమిలిన గాయం. నేను మూడో వరసలో ఉన్నాను. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. "రాత నాదే. నా దగ్గర్నుంచే పోయింది" అన్నారు. "ఎవరికిచ్చేరు?" అంటే, "తెలివితక్కువకి ఇచ్చేను" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు.

ఆ రోజు ఇంటికెళ్ళేక కాళ్ళ మీద పడ్డాను. "లేమ్మా. ఇప్పుడు చెప్తే ఉద్యోగం పోతుందని భయపడుతూ చెప్తావు, లేకపోతే నా మీద జాలితో చెప్తావు. అది నిజం చెప్పడం కాదు. భయం పోయేక చెప్దువుగాని" అన్నారు.

ఆ తరవాత ఆయన్ని చవితి లిస్టు రాయమని ఎవరూ అడగలేదు. ట్యూషనుకి పిల్లల్ని పంపడం మానేసేరు కొందరు. వంకరగా అతుక్కున్న చేత్తో బల్ల మీద రాస్తే పిల్లలు నవ్వేవారు. ఎడం చేత్తో నేర్చుకున్నారు. పులిహోర మళ్ళీ ముట్టలేదు. ఒకసారి తెలీక నేను గిన్నె పట్టుకెళ్తే, ఆ గిన్నె విసిరికొట్టి, "తియ్ ముందు ఇక్కణ్ణుంచి!" అని గట్టిగా అరిచేరు. సాయంత్రం మళ్ళీ తనే గుమ్మంలోకొచ్చి, "ఆ ముసలాయన బెల్లం గుర్తొస్తుందమ్మా" అన్నారు. దేవుడేమీ కాదు ఆయన. ఆయనకీ నొప్పుంది, కోపమూ ఉంది. ఆ రెండూ నా తప్పుకి ఆయన పడ్డవి.

మేష్టారూ, మీరు పోయేరు గానీ నా భయం మాత్రం పోలేదు. అయినా చెప్తున్నాను. మీ ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇదే. ప్రధానమంత్రిని కాల్చినవాళ్ళు చంపింది ఒకరిని. బాబాజీని చంపిన చేతుల్లో నాది ఒకటి. మంచిపనే అనుకుని, ఒక్క క్షణం ఆగి ఆలోచించకుండా, అల్మరా తెరిచిన చెయ్యి. "ఊఁ, ఇంకా ఉంది" అంటారని తెలుసు. మిగతాది చదివేవాళ్ళు చెప్పాలి.

అచ్చులో పడకముందే ఒకరికి నోటితో చెప్పాలనిపించింది. పిన్నిగారికి ఆ రోజే తెలుసు. తెలియంది సర్దార్జీ భార్యకి. ఆ రోజు నుంచీ ఈ ఐదేళ్ళూ ఆమె ప్రతి శుక్రవారం తన గడపకి పసుపు రాస్తోంది. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఇది మేష్టార్జీ ఇల్లు కదా" అంటుంది.

నిన్న శుక్రవారం. వెళ్ళి ఆమె పక్కన మెట్టు మీద కూచుని మొత్తం చెప్పేను. బాబాజీ గురించి నేనన్న మాట కూడా దాచలేదు. పసుపు ముద్దతో ఆమె చెయ్యి గడప మధ్యలో ఆగిపోయింది. నన్ను తిట్టలేదు. లోపలికి లేచి వెళ్ళిపోయింది.

ఇవాళ పొద్దున్న చూసేను. గడప సగం పచ్చగా, సగం బోసిగా అలాగే ఉంది. పసుపు గిన్నె మెట్టు మీదే ఉంది.